ఆమె నన్ను అడిగిన మాట

హిందూపురం నుంచి ధర్మవరం పోయే పొద్దుటి ప్యాసింజరు రైల్లో నేను పదకొండేళ్ళుగా తిరుగుతున్నాను. ధర్మవరంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతి టీచరును. మా ఆయనకు హిందూపురంలో ఫ్యాక్టరీ పని. అందుకని కాపురం అక్కడ, ఉద్యోగం ఇక్కడ. ఒకటి రెండేళ్ళు చూద్దామనుకున్నది అలవాటైపోయింది.

రోజూ ఆ రైలెక్కే ఆడవాళ్ళం ఏడెనిమిది మందిమి ఒకే పెట్టెలో కూర్చునేవాళ్ళం. నేను చెప్పబోయే ఆమె పెనుకొండలో ఎక్కేది. ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడిలో కొంగులకు కుచ్చులు కట్టే పని. మొదటిసారి నా పక్కన కూర్చున్న రోజు టిఫిను డబ్బా మూత తీయకముందే కిటికీ వైపు తిరిగి, కొంగు చాటున పొట్ట మీద సూది వేసుకుంది. నేను చూస్తున్నానని తెలిసి నవ్వింది.

"ఏమనుకోవద్దక్కా. షుగరుకు, తినే ముందర వేసుకోవాల. పెండ్లయిన రెండో ఏడు నుంచి ఇదే పని."

అప్పుడు ఆమెకు ఇరవై ఆరేళ్ళు. రెండుసార్లు కడుపు పోయింది, పిల్లలు లేరు. భర్త లారీ మీద పోయి వారానికో పదిరోజులకో ఇంటికొచ్చేవాడు. ఇంట్లో ఆమె, అత్త. ఆ అత్తకు గొర్రెల మంద ఉండేది. మందు సీసా చెడిపోకుండా ఇసుక పోసిన మట్టికుండలో పెట్టి, రోజూ పొద్దున ఆ ఇసుక తడిపేది ఆ ముసలామేనట. కోడలి జాకెట్టుకో చీరకో ఎప్పుడూ ఒక రంగు పట్టుదారం అంటుకుని ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని లాగి వేలికి చుట్టుకునేది.

నేను క్రైస్తవురాలిని. మా నాయన, అమ్మ కాలం నుంచే మందిరానికి పోయే ఇల్లు మాది. రైల్లో మేము ముగ్గురం విశ్వాసులం ఉండేవాళ్ళం. పెనుకొండ దాటాక ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాళ్ళం. ఎవరికైనా తలనొప్పి అంటే, ఇంట్లో గొడవ అంటే నేనే గొంతు విప్పి చేసేదాన్ని. నాకు మాటలు బాగా వచ్చేవి. ఆమె మొదట ఊరికే విని, తర్వాత తానూ కళ్ళు మూసుకుంది. ఏడాది తిరిగేసరికి ఆదివారం బస్సెక్కి హిందూపురంలో మా మందిరానికి రావడం మొదలుపెట్టింది. అత్త అడ్డు చెప్పలేదట. "మనసుకు బాగుంటే పోయి రా" అన్నదట. ఆమెను తెచ్చింది నేనేనని అందరికీ తెలుసు. ఆ సంగతి అందరికీ తెలియడం నాకు ఇష్టంగా ఉండేది. ఇది ముందుగానే చెప్పాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా రైల్లో ఒకామెకు తొమ్మిదేళ్ళు పిల్లలు లేరు. ఆమె కోసం నేను చాలా రోజులు ప్రార్థన చేశాను. ఆమెకు కడుపు నిలిచింది. ఆమె ఆస్పత్రుల చుట్టూ తిరుగుతూనే ఉంది, మందులు మింగుతూనే ఉంది. కానీ ఆ సంగతి ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. అప్పటినుంచి నా పేరు మారిపోయింది. మందిరంలో కొత్తగా ఎవరైనా ఏడుస్తూ వస్తే, "ఆ టీచరమ్మ కాడికి పో, ఆమె ప్రార్థన దేవుడు వింటాడు" అని నా వైపు చూపించేవాళ్ళు. వినయంగా తల దించుకునేదాన్ని. దించుకున్న తల లోపల ఏముందో నాకు తెలుసు.

ఒక వేసవిలో మందిరంలో మూడు రోజుల ఉపవాస ప్రార్థనలు పెట్టారు, బుధ గురు శుక్రవారాలు. నేను సెలవుల్లో ఉన్నాను. ఆమె అంగడిలో మూడు రోజులు సెలవడిగి మా ఇంట్లోనే ఉండి ఉపవాసం చేసింది. నీళ్ళు మాత్రమే తాగింది. సూది మాత్రం మానలేదు, కొంచెం తగ్గించి వేసుకుంది. శుక్రవారం సాయంత్రం ముగింపు ప్రార్థనలో ఆమె తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించాను. నా అరచెయ్యి వేడెక్కింది. మే నెలలో రేకుల షెడ్డు కింద నూరు మంది కూర్చున్న చోట ఎవరి చెయ్యైనా వేడెక్కుతుందని ఇప్పుడు అనగలను. ఆ రోజు నాకు అట్లా అనిపించలేదు.

శనివారం పొద్దున ఆమెను బస్సెక్కించడానికి పోతూ బస్టాండు దగ్గర మందుల షాపులో షుగరు చూపించాము. వేలు గుచ్చి చూసిన అతను, "నార్మలే ఉండాదమ్మా, ఇంగా కొంచెం తక్కువే" అన్నాడు. ఆమె నా మొహం చూసింది. తినకుండా సూది వేసుకుంటే షుగరు పడిపోతుందని ఇప్పుడు నాకు తెలుసు. ఏ నర్సును అడిగినా చెప్పేది. నేను అడగలేదు. షాపు ముందర ఆటోల రొద మధ్య నిలబడి అన్నాను.

"ప్రభువు ముట్టినాడు పాపా. ఇంగ నీకు సూది అక్కర్లేదు."

"నిజంగానా అక్కా?"

"నేను చెప్తాండా గదా."

ఆ మాట అన్నది నేను. దేవుడు కాదు.

మరునాడు ఆదివారం ఆమె సాక్ష్యం చెప్పింది. ఎప్పుడూ వెనక వరసలో కూర్చునే మనిషి, ముందుకు వచ్చి మైకు పట్టుకుంది. నేను పక్కన నిలబడ్డాను. నిన్నటినుంచి సూది వేసుకోలేదని చెప్పింది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, అందరి చేత చప్పట్లు కొట్టించారు. ఒకామె ఏడ్చింది. అందరూ వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు. ఆ తర్వాత నా చేతులు కూడా పట్టుకున్నారు.

సోమవారం నాకు బడిలో సెలవుల మధ్య టీచర్ల మీటింగు ఉంది. రైలు పెనుకొండలో ఆగింది. ఆమె ఎక్కింది. రెండు నీళ్ళ సీసాలు చేతిలో ఉన్నాయి, ఒకటి అప్పటికే ఖాళీ. పెదవులు ఎండి ఉన్నాయి. టిఫిను డబ్బా తెరవలేదు. ప్రార్థన అయ్యాక మిగతా ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ ఉంటే, నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగింది.

"అక్కా, దప్పిక శానా అయితాంది. ఎంత తాగినా తీరలేదు. సూది సంచిలోనే తెచ్చుకున్యా. వేసుకుందునా?"

ఆ క్షణం నాకు బాగా జ్ఞాపకం ఉంది. వేసుకో అనాలనే అనిపించింది. కానీ నిన్ననే సాక్ష్యం అయింది. చప్పట్లు అయ్యాయి. ఈమె మళ్ళీ సూది వేసుకుంటే నేను ఏమవుతాను అనుకున్నాను. ఈమె ఏమవుతుంది అని అనుకోలేదు.

"అనుమానపడితే చేతికొచ్చింది పోతాది పాపా. ఇది పరీక్ష. రెండు దినాలు నిలబడు" అన్నాను.

ఆమె తల ఊపింది. సంచి మూతి ముడి వేసుకుంది. ధర్మవరంలో దిగేదాకా నా భుజం మీద తల పెట్టుకుని పడుకుంది. ఆమె ఊపిరి ఎప్పటిలా లేదు. ఏదో మగ్గిన పండు వాసన వచ్చింది, షుగరు మితిమీరితే అట్లా వస్తుందని అప్పుడు నాకు తెలియదు. ఏమి తిన్నావు అని కూడా అడిగాను. "ఏమీ తిన్లేదక్కా" అంది.

మంగళవారం నేను రైలెక్కలేదు. బుధవారం మధ్యాహ్నం ఆమె ఫోను నుంచి వాళ్ళత్త చేసింది. వాంతులని, మనిషి తెలివి తప్పిందని, అనంతపురం పెద్దాస్పత్రికి తీసుకుపోతున్నామని. "నువ్వు ప్రార్థన చెయ్యమ్మా, నీ మాటే కలవరిస్తాండె" అంది. ఫోను పట్టుకునే మోకాళ్ళ మీద పడ్డాను. మాటలు ఎప్పుడూ బాగా వచ్చే నాకు ఒక్క మాటా రాలేదు. గురువారం పొద్దున చనిపోయింది.

శవాన్ని పెనుకొండకు తెచ్చారు. కొండకింద వాళ్ళ వీధి, బండలు పరిచిన ఇల్లు. లారీ దిగి వచ్చిన భర్త గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వాళ్ళ పద్ధతిలో వాళ్ళు చేసుకున్నారు. అయ్యగారు కూడా ప్రార్థన చేసుకోవచ్చునా అని అడిగితే, "చేసుకోండప్పా, దానికి ఇష్టం" అని ఆ ముసలామె పక్కకు జరిగింది. అయ్యగారు దేవుని చిత్తం గురించి మాట్లాడారు. ఆమె రవికె అంచుకు ఊదారంగు పట్టుదారం ఒకటి అంటుకునే ఉంది. ఎవరూ తీయలేదు. ముసలామె నా రెండు చేతులూ పట్టుకుని, "అక్క అక్క అని నీ జపమే చేస్తాండె గదమ్మా" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చూసినవాళ్ళు నాకెంత ప్రేమో అనుకున్నారు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన మందిరానికి పండగలకు తప్ప రాడు. అంతా విని, "నువ్వేమన్నా డాక్టరువా?" అన్నాడు. తర్వాత చాలాసేపటికి, "ఎవరితోనూ అనొద్దు" అన్నాడు.

అనలేదు. ఎనిమిది నెలలు అనలేదు.

బడి తెరిచారు. మళ్ళీ రైలు. పెనుకొండలో రైలు రెండే నిమిషాలు ఆగుతుంది. ఆ రెండు నిమిషాలూ నేను ప్లాట్‌ఫారం వైపు చూడకుండా ఉండలేకపోయేదాన్ని. జనం ఎక్కుతారు. వాళ్ళ మధ్య టిఫిను సంచి పట్టుకుని ఎవరో వస్తున్నట్టుండేది. చీర రంగు కూడా కనబడేది. దగ్గరికొచ్చేసరికి వేరే ఎవరో. కొన్ని రోజులు ఎవరూ ఉండేవారు కారు. నా పక్క సీటులో ఎవరైనా కూర్చుంటే ప్రాణానికి హాయిగా ఉండేది. ఖాళీగా ఉంటే అటువైపు భుజం బరువెక్కేది. ఇది నా భ్రమ అని నాకు తెలుసు. తెలిసినా బరువు తగ్గలేదు.

దానికన్నా బడిలో కష్టంగా ఉండేది. మూడో తరగతి పిల్లలు గంటకొకరు లేచి నిలబడతారు. "టీచర్, దప్పికయితాంది, నీళ్ళు తాగొద్దునా?" అదే మాట తీరు, అదే గొంతు తగ్గించడం. మొదటిసారి విన్నప్పుడు చేతిలో చాక్‌పీసు విరిగింది. "పో, పో, తాగు" అని అరిచాను. పిల్ల భయపడి ఏడ్చింది. తర్వాత క్లాసులో నన్ను అడగకుండానే ఎవరైనా ఎప్పుడైనా పోయి తాగి రావచ్చునని చెప్పాను. హెడ్మాస్టరు పిలిచి, మీ క్లాసు పిల్లలు ఎప్పుడూ కుళాయి దగ్గరే ఉంటున్నారేమిటని అడిగాడు. నవ్వి ఊరుకున్నాను.

అన్నిటికన్నా ఘోరమైనది, జనం నా దగ్గరికి రావడం ఆపలేదు. ఆమె చావును నా ప్రార్థనతో ఎవరూ ముడిపెట్టలేదు. షుగరు పేషంటు, రెండుసార్లు కడుపు పోయిన మనిషి, ఆయుస్సు తీరింది అనుకున్నారు. ఆమె సాక్ష్యం చెప్పిన మాట కూడా మెల్లగా ఎవరూ ఎత్తకుండా పోయింది. బీపీ మాత్రల పాకెట్లు, స్కానింగు కాగితాలు పట్టుకుని వచ్చి నా ముందర తల వంచేవాళ్ళు. నేను చెయ్యి పెట్టేదాన్ని. పెదవులు కదిపేదాన్ని. లోపల ఏమీ ఉండేది కాదు. ప్రభురాత్రి భోజనం ఇచ్చే ఆదివారాలు మాత్రం తలనొప్పి అని ఇంట్లో ఉండిపోయేదాన్ని. యేసు శరీరమని పంచే ఆ రొట్టె ముట్టే ధైర్యం లేదు.

దేవుడు లేడని ఒక్కరోజు కూడా అనిపించలేదు. అట్లా అనిపిస్తే సులువుగా ఉండేది. ఉన్నాడు, నన్ను చూస్తున్నాడు, ఏమీ అనడం లేదు. ఆ ఎనిమిది నెలలు నాకు తెలిసిన దేవుడు అదే.

చివరికి ఒక శనివారం మధ్యాహ్నం మందిరానికి పోయి, అయ్యగారు ఒక్కరే ఉండి కుర్చీలు సర్దుకుంటుంటే, చెప్పేశాను. మందుల షాపు ముందర అన్నది, రైల్లో అన్నది, రెండూ. ఆయన చేతిలో కుర్చీ కింద పెట్టి అందులోనే కూర్చున్నారు.

"ఇది మన మధ్యనే ఉండనీ టీచరమ్మా. బయట తెలిస్తే మందిరం మీదికి వస్తాది. దేవుడు క్షమించే దేవుడు. నువ్వు ప్రార్థన చేసుకో" అన్నారు.

నేను ఇంటికొచ్చేశాను. ఆయన మీద కోపం కూడా రాలేదు. ఆయన చెప్పింది నేను ఎనిమిది నెలలుగా చేస్తున్నదే.

రెండు వారాల తర్వాత ఆయన మా ఇంటికొచ్చారు. కాఫీ ఇస్తే పక్కన పెట్టారు. మా ఆయన లేచి లోపలికి పోబోతే, "నువ్వూ ఉండప్పా" అన్నారు.

"ఆ ఆదివారం చప్పట్లు కొట్టించింది నేను. నాకు ఆరేండ్లుగా షుగరు ఉండాది. ఆ పొద్దున గూడ మాత్ర మింగే మందిరానికొచ్చినా. ఆ పాప మైకులో సూది మానినా అంటాంటే, నా మాత్ర సంగతి నాకు యాదికొచ్చింది. వచ్చినా గూడ నోరు తెరవలేదు. అందరూ అంత సంతోషంగా ఉండారు. నేనెట్ల చెప్పేది అనుకున్యా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అరవై ఏళ్ళ మనిషి. నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. మా నాయన సమాధి దగ్గర నిలబడింది ఆయనే. ఆ రోజు మా ఇంట్లో ప్లాస్టిక్కు కుర్చీలో ఆయన చిన్నగా కనిపించారు.

"వాళ్ళత్తకు చెప్పాల అయ్యగారూ" అన్నాను.

"చెప్పాల. నేనూ వస్తా" అన్నారు.

వచ్చే శనివారం పోదామనుకున్నాం. శనివారం పొద్దున ఫోను చేసి, ఇంటికి చుట్టాలొచ్చారని, తర్వాత చూద్దామని అన్నారు. ఆయన గొంతులో భయం వినబడింది. నేను ఒక్కదాన్నే బస్సెక్కాను.

ముసలామె ఇంటి ముందర ఎండలో కూర్చుని గొర్రెపిల్ల కాలికి గుడ్డ చుడుతోంది. కొడుకు మళ్ళీ పెళ్ళి చేసుకుని బెంగళూరు వైపు పోయాడట. నన్ను గుర్తుపట్టి, "రామ్మా, ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా" అని చాప వేసింది. నీళ్ళు తెచ్చింది. నేను ఆ చెంబు చేతిలో పట్టుకునే చెప్పాను. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. రైల్లో ఆమె అడిగింది, నేను అన్నది, ఆమె సంచి ముడి వేసుకున్నది, అన్నీ.

ముసలామె గొర్రెపిల్లను వదలలేదు. చివరిదాకా దాని కాలు పట్టుకునే వింది.

"నాకు తెలుసు" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఉపాసం నుంచి వచ్చి నాతో చెప్పె. అత్తా, ఇంగ సూది లేదు, దేవుడు బాగు చేసినాడు అని. ఇసక తడిపేకి పోతే సీసాలో మందు తగ్గకుండా అట్లే ఉండాది. వేసుకోలేదా అంటి. అక్క చెప్పింది అనె. నేను ఊరుకుంటి. యాలంటే నాకూ సంతోషమైతి. ఏడేండ్లు అది పొట్టలో పొడుచుకుంటాంటే చూసినా. ఒకదినమన్నా పొడుచుకోకుండా అన్నం తినింది అనుకుంటి. ఆదివారం బాగానే తినె."

నేను చెంబు చాప మీద పెట్టాను.

"నన్ను క్షమించవ్వా" అన్నాను.

అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో కోపం అప్పటిదాకా ఎక్కడ దాచిందో.

"ఎనిమిది నెల్లు యాడ పోయినావు? నేనొక్కదాన్నే ఈడ కూచోని, నా వల్లనే పాయె, నేను ఆ పొద్దు గట్టిగా చెప్పింటే ఉండు గదా అని తలకాయ కొట్టుకుంటాంటి. నువ్వు వచ్చి ఈ మాట ముందే చెప్పింటే సగం నువ్వు మోసిందువు గదా. మొత్తం నా మీద పెట్టి పోతివి. క్షమించేది గిమించేది నాకు తెలీదు. ఇంగ పో."

లేచి వచ్చేశాను. ఆ చెంబులో నీళ్ళు తాగనే లేదు. బస్టాండు దాకా నడిచాను. దారి పొడుగునా ఆమె మాటే. నేను మోసేది నేనొక్కదాన్నే అనుకున్నాను, నా పాపం నాదే అనుకున్నాను. నేను నోరు మూసుకున్నందువల్ల అది ఇంకొకరి నెత్తి మీద కూడా పడిందని నాకు తట్టనే లేదు. ఆ చావుకన్నా ఆ మౌనానికి నేను ఎక్కువ బాధ్యురాలినని ఆ రోజే తెలిసింది. చావు నా తెలివితక్కువ వల్ల, గర్వం వల్ల జరిగింది. మౌనం మాత్రం అన్నీ తెలిసే చేశాను.

మరునాటి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. అయ్యగారు నన్ను చూసి కళ్ళు దించుకున్నారు. ఆపలేదు. నేను మైకు తీసుకోలేదు, గొంతుతోనే చెప్పాను. నేను కూర్చున్నాక అయ్యగారు పీఠం దిగి కిందికొచ్చి, జనం మధ్యలో నిలబడి తన మాత్రల సంగతి చెప్పారు. ఆ రోజు వాక్యం చెప్పలేదు. ప్రార్థన చేసి పంపించేశారు.

ఆ తర్వాత అంతా బాగుపడిందని చెప్పలేను. నాలుగు కుటుంబాలు వేరే మందిరానికి పోయాయి. కొందరు నాకు విశ్వాసం తప్పిపోయిందన్నారు. ఒకామె ముఖం మీదే, "దేవుని కార్యాన్ని నువ్వు అవమానం చేసినావు" అంది. రైల్లో విశ్వాసులైన మిగతా ఇద్దరూ ప్రార్థన మానేసి పెట్టె మార్చుకున్నారు. నేను సహించాను అనడం కూడా గొప్ప మాటే. వేరే దారి లేదు.

నెల తర్వాత ఒక పూలమ్మే ఆమె తన ఆరేళ్ళ కూతుర్ని తీసుకుని మా ఇంటికొచ్చింది. పిల్లకు మూర్ఛలు. నేను సాక్ష్యం చెప్పిన రోజు ఆమె మందిరంలో ఉంది. తెలిసే ఎందుకొచ్చావని అడిగాను.

"తెలిసే వచ్చినానక్కా. నువ్వు ఇంగ అబద్ధం చెప్పవు గదా" అంది.

పిల్ల తల మీద చెయ్యి పెట్టడానికి నాకు చాలా సమయం పట్టింది. చెయ్యి చల్లగా ఉంది. నాలుగు మాటలే వచ్చాయి. తర్వాత ముగ్గురం ఆటో ఎక్కి ప్రభుత్వ ఆస్పత్రికి పోయాం. చీటీ కోసం వరసలో నేను నిలబడ్డాను. డాక్టరు మాత్రలు రాసి, ఒక్కరోజు కూడా మానకూడదని చెప్తే, ఆ మాట నేను కాగితం వెనకాల పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. పిల్లకు మూర్ఛలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. ఇప్పటికీ మాత్రలు మింగుతోంది. వాళ్ళమ్మ ఇప్పటికీ ప్రార్థనకొస్తుంది.

అట్లా అది నా పని అయింది. ప్రార్థన చేయమని వచ్చినవాళ్ళకు చేస్తాను. చేసి, చెప్పులు వేసుకుని వాళ్ళతో ఆస్పత్రికి పోతాను. రక్తపరీక్ష గది ఎక్కడో, ఏ డాక్టరు ఏ రోజు ఉంటాడో ఇప్పుడు నాకు మందిరంలో పాటల నంబర్ల కన్నా బాగా తెలుసు. స్వస్థత అయింది అని మాత్రం నా నోటితో మళ్ళీ అనలేదు. దేవుడు చేస్తాడని నమ్ముతాను. చేశాడని ప్రకటించే అధికారం నాకు లేదు. అయ్యగారు ఇప్పుడు ప్రతి ఆదివారం ముగింపులో, "మందులు ఎవురూ మానొద్దండి, నేనూ మింగుతాండా" అంటారు. పిల్లలు నవ్వుతారు. ప్రభురాత్రి భోజనం మళ్ళీ తీసుకుంటున్నాను. మొదటిసారి తీసుకున్న రోజు మింగుడుపడలేదు. అర్హత వచ్చిందని తీసుకోలేదు. అది అర్హులకు పెట్టే భోజనం కాదని ముప్పై ఏళ్ళుగా వింటూనే ఉన్నాను, అప్పుడు చెవికెక్కింది.

అయినా ఆ రైలు పాప నన్ను విడిచి పోలేదు. పెనుకొండలో రైలు ఆగితే ఇప్పటికీ నా మెడ అటే తిరుగుతుంది. కొన్నిసార్లు ప్రార్థన మధ్యలో నా చెవి దగ్గర ఎవరో వంగినట్టు ఊపిరి తగులుతుంది. మొదట్లో ఉలిక్కిపడేదాన్ని. ఇప్పుడు ఆగుతాను. ఆగి, నేను చెప్పబోయే మాట దేవునిదా నాదా అని చూసుకుంటాను. చాలాసార్లు నాదే. అప్పుడు చెప్పకుండా ఊరుకుంటాను.

పోయిన ఏడాది ఆ ముసలామె దగ్గర్నుంచి ఫోను వచ్చింది. నేను పోయి వచ్చిన తర్వాత రెండేళ్ళకు అదే మొదటి మాట. కళ్ళు మసకలు పడ్డాయని, ధర్మవరంలో ఆపరేషను చేస్తారంటున్నారని, తోడు ఎవరూ లేరని. "నువ్వు అందరినీ తోడుకోని పోతావంట గదా" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. బడికి రెండు రోజులు సెలవు పెట్టాను.

ఆపరేషను అయిన మరునాడు కంటికి పట్టీ తీసి నల్ల అద్దాలు పెట్టారు. డాక్టరు మళ్ళీ చూడాలని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇద్దరమూ పక్కపక్కన. దారిలో, ఆస్పత్రిలో ఆమె నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. ఆ బెంచీ మీద, ముందుకే చూస్తూ, అడిగింది.

"ఏమ్మా, అది ఇప్పుడు యాడుండాది? మీ దేవుని కాడ ఉండాదా?"

ఒకప్పుడైతే నాకు ఈ ప్రశ్నకు గంటసేపు జవాబు ఉండేది.

"ఉండాదని నమ్ముతాండానవ్వా" అన్నాను. "చూసిరాలేదు."

ఆమె తల ఊపింది. అద్దాల వెనక కళ్ళు నాకు కనబడలేదు. ఎదురుగా కాంపౌండు గోడ మీద ఎండ. ఒక కంపౌండరు వచ్చి ఎవరి పేరో పిలిచి పోయాడు.

"ఉంటే దాన్ని ఈ మాటడుగు నీ ప్రార్థనలో. అత్త మీద కోపముందా అని" అంది.

"నేనూ అడగాల అవ్వా" అన్నాను.

ఆమె చెయ్యి తడుముకుంటూ నా మోకాలి మీదికొచ్చి అక్కడే ఆగింది. వెనక్కి తీయలేదు. కొంచెంసేపటి తర్వాత, "ఆ చుక్కల మందు వేసే యాళయిందేమో చూడమ్మా" అంది. సంచిలోంచి సీసా తీసి, చీటీలో టైము చూసి, ఆమె తల వెనక్కి వంచి, రెండు చుక్కలు వేశాను.